సగటమ్మ కాకిలెక్కలు

మా అన్నయ్యకీ నాకూ ముప్ఫయ్యేడేళ్ళుగా నడుస్తున్న పోట్లాట ఒకటే. అమ్మ ఎవర్ని ఎక్కువ చూసింది అని. వాడు నన్నంటాడు, నేను వాణ్ణంటాను. వాడు పళ్ళ డాక్టరు. రోజంతా ఎదుటివాళ్ళ నోట్లో దూది కుక్కి మాట్లాడతాడు కాబట్టి కాదనేవాళ్ళు వాడికి ఇంతవరకూ తగల్లేదు. నేను కారు నడపడం నేర్పుతాను. నా కాలి కింద రెండో బ్రేకు ఉంటుంది కాబట్టి ఎవరెంత మొండికేసినా చివరికి నా మాటే చెల్లుతుంది. ఇలాంటి ఇద్దరు వాదనకి దిగితే అది తెమిలే ప్రశ్నే లేదు.

అమ్మ ముప్ఫై నాలుగేళ్ళు యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పింది. విద్యార్థులు చాటుగా 'సగటమ్మ' అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఆ పేరు నచ్చింది కూడా. ఉద్యోగమంటే ఎంత పిచ్చంటే, నేను పుట్టిన రోజు పొద్దున పరీక్ష హాల్లో కాపలా ఉండి, మూడు గంటలూ అయ్యాక పేపర్లు లెక్కపెట్టి, కట్ట కట్టి, సంతకం పెట్టి, అప్పుడు ఆసుపత్రికి బయల్దేరింది. "అరగంట ముందు లేచుంటే వెనక బెంచీవాడు పక్కవాడిది చూసి రాసేవాడే" అని నాకు గర్వంగా చెప్పేది. నేను కొంచెం ఆగినందుకే ఒకడి బతుకులో నిజాయితీ నిలబడిందన్నట్టు.

కూరగాయలకి వెళ్తే పైన పేర్చినవి ముట్టుకునేది కాదు. "పైనున్నవి ఎంచి పెడతారు. అది నమూనా కాదు" అని గంపలోకి మోచేతి దాకా చెయ్యి దింపి అడుగునుంచి రెండూ, మధ్యనుంచి రెండూ పైకి లాగేది. ఆ కూరగాయలాయన మమ్మల్ని వీధి మలుపులో చూడగానే గంపల మీద గోనెపట్టా కప్పేసేవాడు.

ఆవిడ దేన్నయినా క్షమించేది గానీ కాకిలెక్కల్ని మాత్రం క్షమించేది కాదు. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని అంకెలు పుట్టించి, వాటిని పరిశోధన అని పట్టుకొచ్చేవాళ్ళంటే ఒంటికాలి మీద లేచేది. ఒక విద్యార్థి బస్సులు ఎంతెంత ఆలస్యంగా వస్తాయో అన్నదాని మీద థీసిస్ రాశాడు. ఆవిడ మూడు పేజీలు తిప్పి, "నువ్వు బస్టాపుకే వెళ్ళలేదు" అని తిరిగిచ్చేసింది. పాపం, నిజంగానే వెళ్ళలేదు. తర్వాత ఆర్నెల్లు అతన్ని బస్టాపులో నిలబెట్టింది. నిలబెట్టి ఊరుకుందా అంటే అదీ లేదు. క్లాసు లేని పూటల్లా ఒక మడత కుర్చీ, గొడుగు పట్టుకుని తనూ వెళ్ళి, "నువ్వు అటునుంచి వచ్చేవి రాయి, ఇటునుంచి వచ్చేవి నేను రాస్తాను" అని కూర్చునేది. అతనికి 'బస్సుల మాస్టారు' అన్న పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడా డిపార్ట్‌మెంటుకి ఆయనే హెడ్డు.

ఇక ఇంట్లో సంగతి. అన్నయ్యకీ నాకూ ఏ విషయంలో తగువొచ్చినా అమ్మ ఎవరి పక్షమూ మాట్లాడేది కాదు. పాత దిండు గలీబుతో కుట్టిన చిన్న సంచి ఒకటి ఉండేది. అందులో రెండు గుండీలు. ఎర్రది నేను, నల్లది అన్నయ్య. సంచి ఒకసారి కుదిపి, కళ్ళు మూసుకుని, చెయ్యి పెట్టి ఒకటి తీసేది. ఏ గుండీ వస్తే వాళ్ళ పంట పండినట్టు. మమ్మల్ని తియ్యనిచ్చేది కాదు, పిల్లల చేతులు నమ్మదగ్గవి కావని. తీసింది వెంటనే ఒక నోటుబుక్కులో రాసేది. తేదీ, విషయం, రంగు. బస్సులో కిటికీ సీటు, ఎర్ర. పొద్దున మొదటి స్నానం, నల్ల. కొత్త గొడుగు, ఎర్ర. పళ్ళ డాక్టరు కుర్చీలో ముందెవరు, నల్ల. అన్నయ్యకి ఆ వృత్తి మీద మోజు అక్కడే పుట్టిందని నా అనుమానం.

ఆ పద్ధతి ఎంత దూరం వెళ్ళిందంటే, అన్నయ్య కాలేజీ హాస్టలుకి వెళ్ళిపోయాక కూడా ఆగలేదు. ఒకసారి బస్సులో కిటికీ సీటుకి సంచి తీస్తే, ఊళ్ళోనే లేని అన్నయ్య గెలిచాడు. నేను ఇవతల సీట్లో కూర్చున్నాను. కిటికీ సీట్లో అమ్మ తన చేతిసంచి పెట్టింది. ఎక్కినవాళ్ళంతా "ఇక్కడెవరైనా ఉన్నారా?" అని అడిగితే "మా అబ్బాయి" అని చెప్పింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఒక్క రోజు తప్ప.

నాకు ఏడేళ్ళు, అన్నయ్యకి పది. అమ్మని వేరే యూనివర్సిటీవాళ్ళు మూడు నెలలు పాఠాలు చెప్పడానికి పిలిచారు. అక్కడిచ్చేది ఒక గది, ఒక అదనపు మంచం. అంటే ఒక్క పిల్లో, ఒక్క పిల్లాడో. ఆ రోజు మేం బడినుంచి వచ్చేసరికే అమ్మ గుండీ తీసేసింది. నల్లది. మూడు నెలలూ నేను నాన్న దగ్గర ఉన్నాను. నాన్న పోస్టాఫీసులో పార్సిళ్ళ దగ్గర పనిచేసేవాడు. జడ కూడా అలాగే వేసేవాడు, రెండు చుట్లు చుట్టి, పురికొస వేసి, ముడి గట్టిగా బిగించి. మా టీచరు ఒక వారం చూసి, "మీ ఇంట్లో అమ్మ లేదా?" అని అడిగింది. లేదు అని చెప్పాను. అది చెప్పినప్పుడు నాకెలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.

అదృష్టం అని సరిపెట్టుకున్నాను. ఎవర్ని తిట్టుకోను? నల్ల గుండీని తిట్టుకున్నాను.

అమ్మ పోయిన నెల రోజులకి బస్సుల మాస్టారు ఫోన్ చేశాడు. వచ్చే శుక్రవారం సంస్మరణ సభ పెడుతున్నారట. నిజాయితీగా లెక్కలు సేకరించిన విద్యార్థికి ఏటా అమ్మ పేరు మీద పతకం ఇస్తారట. ఆవిడ చేతిరాతలో ఏదైనా ఉంటే హాల్లో అద్దాల పెట్టెలో పెడతామన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ నోటుబుక్కే.

ఇచ్చే ముందు మా పోట్లాట తేల్చుకుందామన్నాడు అన్నయ్య. ఆదివారం వాడి క్లినిక్‌లో కూర్చున్నాం. పేషెంట్లు పడుకునే కుర్చీలో నేను వెనక్కి వాలి రంగులు చదువుతుంటే, వాడు పళ్ళ బొమ్మలున్న కాగితాల మీద గీతలు పెట్టాడు. పధ్నాలుగేళ్ళ గుండీలు. మధ్యలో రెండుసార్లు లెక్క తప్పి, "నువ్వు గొణుగుతున్నావు" అని వాడు, "నీకు చెవుడు" అని నేను అనుకుని, మళ్ళీ మొదలెట్టాం. చివరికి తేలింది. మొత్తం రెండువేల రెండువందల తొంభై రెండు. ఎర్రవి పదకొండువందల నలభయ్యారు. నల్లవి పదకొండువందల నలభయ్యారు.

వాడు కాగితం పక్కన పెట్టి కళ్ళజోడు తుడుచుకున్నాడు. నేను కుర్చీలోనే ఏడ్చాను. ఆ కుర్చీకి అది కొత్తేం కాదు.

"సమానంగా చూసిందే మనిద్దర్నీ" అన్నాడు వాడు. "అదృష్టం కూడా అమ్మ మాట విందన్నమాట."

మర్నాడే నోటుబుక్కు తీసుకెళ్ళి బస్సుల మాస్టారికి ఇచ్చేశాను. బుధవారం పొద్దున నేనొకావిడకి రివర్స్ నేర్పుతుండగా ఫోనొచ్చింది.

"పాపగారూ, ఒకసారి రావాలి. ఒక్కరే రండి" అన్నాడు. నాకు నలభై నాలుగేళ్ళు. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చేవాడు కాబట్టి నేనాయనకి ఇంకా పాపగారినే.

వెళ్తే ఆయన గది తలుపు వేసేశాడు. వేశాక మళ్ళీ తీసి, బయట ఎవరూ లేరని చూసి, మళ్ళీ వేశాడు. బల్ల మీద అమ్మ నోటుబుక్కు, పక్కన కంప్యూటరు.

"మా విద్యార్థి చేత రంగులన్నీ ఇందులోకి ఎక్కించాను, సరదాగా గ్రాఫు గీద్దామని" అన్నాడు. "పాపగారూ, ఇందులో ఒకే రంగు వరసగా మూడుసార్లు ఎక్కడా రాలేదు."

"మంచిదేగా" అన్నాను.

"మంచిది కాదండీ. రెండువేల సార్లు నిజంగా తీస్తే వరసగా పది నల్లవి కూడా వస్తాయి. మనుషులు ఇంట్లో కూర్చుని పుట్టిస్తేనే ఇలా ఉంటుంది. మనకి వరసలంటే భయం. రెండు నల్లవి రాశాక చెయ్యి దానంతటదే ఎర్రదాని వైపు పోతుంది." ఆయన గొంతు తగ్గించాడు. "నా బస్సుల్లో కూడా మేడం ఇదే పట్టుకుంది."

నాకు విషయం అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. "మా అమ్మ కాకిలెక్కలు రాసిందంటున్నారా? బస్టాపుకి వెళ్ళకుండా బస్సులు లెక్కపెట్టిన మీరు?"

"నేనే అంటున్నాను. ఆ అనుభవం నాకుంది కదండీ" అన్నాడాయన వినయంగా.

ఊరుకోలేదు నేను. ఇక్కడే తీసి చూద్దామన్నాను. అటెండరమ్మని పిలిచి సంచి అడిగితే, ఆవిడ తన భోజనం డబ్బా బయట పెట్టి గుడ్డసంచి ఇచ్చింది. ఒక ఎర్ర పెన్ను మూత, ఒక నీలం పెన్ను మూత వేశాం. నేను తియ్యడం, ఆవిడ కేకెయ్యడం, ఆయన రాయడం. నలభైకి నా చెయ్యి పీకింది. డెబ్భై దాటాక నీలం, నీలం, నీలం, నీలం. అటెండరమ్మ చీపురు పక్కన పడేసి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈసారి ఎర్రదే వస్తుంది చూడండి" అంది. నీలం వచ్చింది.

"దానికి ఇందాక ఏమొచ్చిందో గుర్తుండదమ్మా" అన్నాడు బస్సుల మాస్టారు.

"మీ పెన్ను మూతలకి బుద్ధి లేదండీ" అందావిడ. వరసగా ఏడు నీలాలు వచ్చాక ఎర్రది వచ్చింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను సంచి బల్ల మీద పెట్టేశాను.

ఆయన మూతలు తీసి పెన్నులకి పెట్టేశాడు. "సభకి వచ్చేవాళ్ళంతా ఇదే చదువు చదివినవాళ్ళు. పెట్టె దగ్గర పది నిమిషాలు నిలబడితే పట్టేస్తారు. ఇచ్చేదేమో నిజాయితీ పతకం. నోటుబుక్కు బదులు మేడం గొడుగు పెట్టేస్తాను పాపగారూ. గొడుగులో ఎవరూ ఏం కనిపెట్టలేరు."

రేపు చెప్తానని వచ్చేశాను. తిన్నగా అన్నయ్య క్లినిక్‌కి వెళ్ళాను. గుండీల సంచి వాడి దగ్గరే ఉంది. కుర్చీలో ఒక లావుపాటాయన నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. ఆయన నోట్లో దూది ఉంది, మత్తు ఎక్కేదాకా ఎటూ కదల్లేడు. జరిగిందంతా ఆయన ముందే చెప్పేశాను.

"అమ్మ కళ్ళు మూసుకునే తీసేది కదే. ఎలా కుదురుతుంది?" అన్నాడు అన్నయ్య.

సంచిలో చెయ్యి పెట్టాను. వేలితో రెండు గుండీలూ తడిమాను. ఒకదానికి రెండు కన్నాలు. ఇంకోదానికి నాలుగు. కళ్ళు గట్టిగా మూసుకుని, "ఎర్ర" అని తీశాను. ఎర్రది. "నల్ల" అని తీశాను. నల్లది. అన్నయ్య నన్ను పక్కకి తోసి తనూ తీశాడు. ఇరవైసార్లు తీస్తే ఇరవైసార్లూ అనుకున్నదే వచ్చింది. కుర్చీలో ఆయన చెయ్యి చాపాడు. ఆయనా రెండుసార్లు తీసి, దూది వెనకనుంచి ఏదో మెచ్చుకోలుగా అన్నాడు.

అంటే అమ్మకి ప్రతిసారీ తెలుసు. నాకు గుర్తున్నవి ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. నా స్నేహితురాలు ఊరొదిలి వెళ్ళిన రోజు కిటికీ సీటు నాదైంది. అన్నయ్య పరుగు పందెంలో ఆఖరున వచ్చిన రోజు కేకులో పెద్ద ముక్క వాడిదైంది. నాకు లెక్కల్లో గుండుసున్నా వచ్చిన రోజు కొత్త గొడుగు. అదృష్టం మమ్మల్ని భలే కనిపెట్టుకుని ఉండేదనుకున్నాం. మా వెధవ పనులన్నీ చూసుకుంటూ, ఎవరికి ఏ రోజు ఏది కావాలో ఆవిడే వేళ్ళతో వెతికి తీసేది. తర్వాత పనికిమాలిన స్నానాలూ, ఖాళీ సీట్లూ వేసి లెక్క సరిచేసేది.

ఇద్దరం నవ్వాం. అన్నయ్య నాకంటే ముందు ఆపేశాడు.

"ఏంటి?" అన్నాను.

"ఆ ఏడు బళ్ళో పెద్ద క్లాసు కుర్రాళ్ళు నన్ను రోజూ సామాను గదిలో పెట్టి గొళ్ళెం వేసేవారు. ఎవరికీ చెప్పలేదు. అమ్మకొక్కదానికే చెప్పాను" అన్నాడు. "ఆ ప్రయాణానికి పది రోజుల ముందు."

అప్పుడు నా తలకెక్కింది. మేం చూడకుండా తీసింది ఆ ఒక్కసారే. ముందే అనుకుని, వేలితో తడిమి, నాలుగు కన్నాల నల్లది తీసి, నన్ను వదిలేసి వెళ్ళింది. వాడికి అవసరమే, కాదనను. వాడి కష్టం నాకు చెప్పి ఉంటే అర్థం చేసుకునేదాన్ని అనను, ఏడేళ్ళ పిల్లని, ఇల్లు పీకి పందిరేసేదాన్ని. కానీ అప్పుడు అమ్మతో పోట్లాడేదాన్ని. ముప్ఫయ్యేడేళ్ళు నా చేత ఒక గుండీని తిట్టించింది. ఇద్దరిలో ఒకర్ని వదిలెయ్యాలంటే నన్ను వదిలేసింది. అది నాకు నచ్చలేదు, నలభై నాలుగేళ్ళ వయసులో కూడా నచ్చలేదు. ఇంకోటి, అడుగుదామంటే ఆవిడ లేదు.

"ఒసేయ్, నావల్లేనే" అన్నాడు అన్నయ్య.

"నువ్వు పన్ను పీకు" అని బయటికొచ్చి బస్సుల మాస్టారికి ఫోన్ చేశాను. "నోటుబుక్కే పెట్టండి. నేను మాట్లాడతాను."

శుక్రవారం హాలు నిండింది. ఎక్కువమంది అమ్మ దగ్గర చదువుకున్నవాళ్ళు. వేదిక మీద ఒక రిటైరైన మీసాల ప్రొఫెసరు, చేతిలో గంట. మనిషికి ఐదు నిమిషాలు, దాటితే కొడతాడు. నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ మా అమ్మ జీవితంలో ఒక్క అంకె కూడా అబద్ధం రాయలేదని చెప్పి దిగారు. నలుగురూ నాలుగు మేకులు దిగ్గొట్టి వెళ్ళినట్టుంది నాకు. నేను మైకు ముందుకి వెళ్ళి, "రెండువేల రెండువందల తొంభై రెండు రాసింది" అన్నాను.

మొత్తం చెప్పాను. సంచి, కన్నాలు, ఖాళీ సీటు, పెన్ను మూతలు. వరసగా మూడు ఎక్కడా లేవనగానే ముందు వరసలో వాళ్ళు లేచి అద్దాల పెట్టె దగ్గరికి పరిగెత్తారు. వెనక వరసవాళ్ళు కనబడటం లేదని వాళ్ళని తోశారు. ఒకాయన తెరిచి ఉన్న పేజీ చూసి, "లేవు, నిజంగానే లేవు" అని కేకేశాడు. ఇంకొకావిడ ఒక్క పేజీ నమూనా సరిపోదని ఆయనతో వాదన వేసుకుంది. మీసాల ప్రొఫెసరు ఐదు నిమిషాలకి గంట ఎత్తాడు గానీ కొట్టడం మర్చిపోయి అలాగే పట్టుకున్నాడు.

వాళ్ళు కూర్చునేదాకా ఆగాను.

"కిటికీ సీట్ల గురించి నాకు ఫిర్యాదు లేదు" అన్నాను. "గొడుగుల గురించి లేదు. ఒక్క రోజు గురించి ఉంది." ప్రయాణం సంగతి చెప్పాను. తేదీ చెప్పాను, నాకది నోటికొచ్చు. "ఆ రోజు మేం ఇంటికొచ్చేసరికే తీసేసింది. మా ముందు తియ్యలేకపోయింది. వేలితో చూసి, తెలిసి తెలిసి నన్ను వదిలేసింది. మీకందరికీ ఆవిడ మేడం, మీరు ఆవిడ నిజాయితీకి పతకం పెట్టుకోండి. నాకు మాత్రం" అని అక్కడిదాకా వచ్చి కిందికి చూశాను. ముందు వరసలో అన్నయ్య తల దించుకుని ఉన్నాడు.

బస్సుల మాస్టారు లేచి నిలబడ్డాడు. "తేదీ మళ్ళీ చెప్పండి" అన్నాడు.

చెప్పాను.

ఆయన అద్దాల పెట్టె దగ్గరికి నడిచి, జేబులో తాళంచెవి కోసం వెతికి, ముందు ఇంటి తాళంచెవి పెట్టి, తర్వాత బీరువాది పెట్టి, చివరికి సరైనది పెట్టి తెరిచాడు. పేజీలు తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. నోటుబుక్కు తీసుకుని వేదిక మీదికి వచ్చి నా ముందు పెట్టి వేలితో చూపించాడు. ఆ తేదీ, 'ప్రయాణం', నల్ల. పక్కన అంచులో చిన్న పొట్టి సంతకం. నేను చదివినప్పుడు అది చెయ్యి జారిన గీత అనుకుని వదిలేశాను.

"అది నాది" అన్నాడు. మైకులో పడి అందరికీ వినిపించింది. "ఆ రోజు మధ్యాహ్నం థీసిస్ రెండో అధ్యాయం ఇవ్వడానికి మీ ఇంటికొచ్చాను. మేడం వంటింట్లో ఉంది. మీ నాన్నగారి చొక్కా ఒళ్ళో పెట్టుకుని గుండీలు పీకుతోంది. రెండు తెల్ల గుండీలు. రెండూ ఒకే చొక్కావి, ఒకే కన్నాలు, ఒకే బరువు. ఒకదానికి నల్ల ఇంకు పూసింది. సంచిలో వేసి నా చేతికిచ్చి, తను గోడవైపు తిరిగి నిలబడింది. 'ఒకటి తియ్యి. నువ్వే తియ్యాలి. నేను తీస్తే కుదరదు' అంది. ఏదో ప్రయోగం అనుకున్నాను. తీశాను. ఇంకుది వచ్చింది, బొటనవేలికి అంటుకుంది. చెప్పాను. మేడం ఇటు తిరగలేదు. 'రెండోది చూపించు' అంది. రెండోది నిజంగా తెల్లదేనా అని చూసుకోవడానికి అప్పుడు తిరిగింది. చూపించాను."

ఆయన పుస్తకంలో తన సంతకం వంక చూసుకున్నాడు.

"అప్పుడు నేల మీద కూర్చుండిపోయింది పాపగారూ. పొయ్యి మీద ఏదో మాడుతోంది. లేవలేదు. నేనే పొయ్యి ఆపాను. 'మళ్ళీ తియ్యనా మేడం?' అని అడిగాను, ఆవిణ్ణి చూస్తే అలా అడగాలనిపించింది. 'తీసింది తీసినట్టే' అంది. ఈ పుస్తకం నా ముందు పెట్టి సాక్షి సంతకం చెయ్యమంది. దేనికి సాక్షినో ఇవాళ మీరు తేదీ చెప్పేదాకా నాకు తెలీదు. లేబొరేటరీ స్టాకు పుస్తకం అనుకుని చేశాను. మర్నాడు నా అధ్యాయం తిరిగొచ్చింది. మొదటి పేజీ మీద ఇంకు వేలిముద్ర ఉందట, శుభ్రంగా తిరగరాసుకుని రమ్మంది."

హాల్లో కొందరు నవ్వారు, నవ్వి ముక్కులు చీదుకున్నారు. అన్నయ్య మాత్రం బాహాటంగా ఏడుస్తున్నాడు. సామాను గదిలో గొళ్ళెం పడ్డవాడు ఇంటికొచ్చి చెప్పుకున్నాక కూడా ఆవిడ నన్ను తీసి పక్కన పెట్టలేకపోయిందని వాడికి నాకంటే ముందు అర్థమైంది.

మీసాల ప్రొఫెసరు గంట కింద పెట్టి, విషయం సభ ముందుంచాడు. రెండువేల రెండువందల తొంభై రెండులో నిజమని సాక్ష్యమున్నది ఒక్కటి. పతకానికి ఆవిడ పేరు ఉంచొచ్చా, తియ్యాలా? చేతులెత్తమన్నాడు. ముగ్గురు ప్రొఫెసర్లు మూడువైపులనుంచి లెక్కపెట్టారు. ఒకరికి నూట పన్నెండు వచ్చాయి, ఒకరికి నూట ఇరవై. మూడో ఆయన చేతులెత్తినవాళ్ళనీ, తల గోక్కుంటున్నవాళ్ళనీ విడివిడిగా రాశానన్నాడు. ఎలా చూసినా పేరు ఉంచాలన్నవాళ్ళే ఎక్కువ తేలారు. అటెండరమ్మ రెండు చేతులూ ఎత్తింది.

జనం వెళ్ళిపోయాక పెట్టె దగ్గర మేం ముగ్గురమే ఉన్నాం. బస్సుల మాస్టారు నోటుబుక్కు ఆ పేజీ దగ్గరే తెరిచిపెట్టి తాళం వేస్తున్నాడు.

"తెల్లది వచ్చుంటే?" అన్నాను నేను.

ఆయన తాళం లాగి చూసుకున్నాడు. చాలాసేపు ఆలోచించాడు, బస్సు వచ్చిన టైము గుర్తు తెచ్చుకుంటున్న మనిషిలా, తప్పు చెప్పకూడదన్న పట్టుదలతో.

"అప్పుడూ అలాగే నేల మీద కూర్చునుండేది పాపగారూ" అన్నాడు.